మామయ్య చేతికి తిరిగే నల్లా: పాత ఇంటి బాత్రూం సామాను మీద నా సమీక్ష

మొదటే నా తీర్పు చెబుతాను. బోరు నీళ్లు వాడే పాత ఇంట్లో కీళ్లు పట్టేసిన పెద్దవాళ్లు ఉంటే, బాత్రూంలో గుండ్రటి పిడి ఉన్న నల్లాలన్నీ తీసేయండి. వాటి స్థానంలో పావు చుట్టుకే తెరుచుకునే పొడవు పిడి నల్లాలు బిగించండి. కమోడ్, షవర్, అద్దం, టైల్స్ గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు. మా ఇంట్లో మార్చిన సామానులో రెండు ఎండాకాలాలు గడిచాక కూడా నేను పూర్తి మార్కులు వేసేది ఈ నల్లాలకే. మిగతావాటిలో కొన్ని బాగున్నాయి, కొన్ని ఎవరికి పనికొస్తాయో చూసి కొనాలి, ఒకటి రెండు మాత్రం మన ఇళ్లకు అసలు నప్పవు.

మా ఇల్లు నల్లగొండ రామగిరిలో ఉంది. మామయ్య 1984లో కట్టించారు. రాతి గోడలు, కింద తాండూరు బండలు, పెరటి వైపు బాత్రూం, గోడ లోపల జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు. నల్లాలు ఆ కాలపు ఇత్తడివి, బరువైనవి. వాటిని తక్కువ చేసి మాట్లాడను, నలభై ఏళ్లు నీళ్లిచ్చాయి. కానీ లోపలి రబ్బరు వాషర్ అరిగినకొద్దీ నల్లాను ఇంకా గట్టిగా బిగించాలి, గట్టిగా బిగించినకొద్దీ వాషర్ ఇంకా అరుగుతుంది. చివరికి ఇంట్లో బలమైన చేయి ఉన్నవాళ్లే దాన్ని కట్టగలరు, వాళ్లు కట్టిన నల్లాను మళ్లీ వాళ్లే విప్పాలి.

మామయ్యది మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పటి నుంచి అక్కడి బావి నీళ్లు, తరువాత బోరు నీళ్లు తాగి పెరిగారు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే ఎముకల్లో పేరుకుంటుంది, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడతాయి. తాగే నీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు రూపొందిస్తే దానికి మా జిల్లా పేరే వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో తాగడానికి మిషన్ భగీరథ నీళ్లే. అయినా మామయ్య వేళ్లలోకి, మణికట్టులోకి ఎప్పుడో చేరిన బిగుతు ఇక పోదు. ఆయన అరచేత్తో నెట్టగలరు, గుప్పిటతో ఆనించగలరు. వేళ్లతో పట్టి తిప్పలేరు. ఎనభై దాటిన మనిషి స్నానం మధ్యలో నల్లా కట్టమని మనవణ్ణి పిలవవలసి రావడం నాకు చాలా కష్టంగా ఉండేది. ఈ పని మొదలుపెట్టింది అందుకే. బాత్రూం అందం కోసం కాదు.

స్నానానికి, కడుగుడుకు మాత్రం ఇప్పటికీ బోరు నీళ్లే వాడుతున్నాం. ఫ్లోరైడ్ తాగితే చెరుపు, ఒంటి మీద పోసుకుంటే కాదు కాబట్టి దానికి భయం లేదు. ఆ నీళ్ల కాఠిన్యమే సామానుకు శత్రువు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టించే సున్నమే నల్లా లోపలా, షవర్ రంధ్రాల్లోనూ, గీజర్ కడ్డీ మీదా పేరుకుంటుంది. అందుకే పెద్ద నగరంలో, నది నీళ్లతో వాడిచూసి రాసిన సమీక్షలు చదివి మన దగ్గర సామాను కొనకూడదని నా అభిప్రాయం.

ఇక నల్లాల సంగతి. నేను కొన్నవి ఇత్తడి మీద క్రోమ్ పూత ఉన్నవి, ఒక్కోటి రూ. 1,150 పడింది. దుకాణాల్లో క్వార్టర్ టర్న్ అని అడిగితే ఇస్తారు. వీటి లోపల రబ్బరు వాషర్ ఉండదు. ఒకదాని మీద ఒకటి ఆనుకున్న రెండు సెరామిక్ బిళ్లలుంటాయి. పిడిని 90 డిగ్రీలు తిప్పితే పై బిళ్ల రంధ్రం కింది బిళ్ల రంధ్రం మీదికి వచ్చి నీళ్లు పారతాయి. బిగించి కట్టే అవసరమే లేదు కాబట్టి బలంతో పనిలేదు. కొనేముందు నేను పెట్టే పరీక్ష చాలా సులభం: చేతిని పిడికిలి బిగించి, వేళ్లు వాడకుండా పిడిని నెట్టాలి. అది తెరుచుకుని, అలాగే మూసుకుంటేనే కొనాలి. చూడటానికి ముచ్చటగా ఉండే పొట్టి పిడులు, నున్నటి గోళీ పిడులు ఈ పరీక్షలో నిలవవు. సబ్బు చేతితో అసలే నిలవవు.

ఇత్తడా కాదా అన్నది పైపూత చూసి చెప్పలేం. గోడలోకి వెళ్లే మర దగ్గర లోపలికి చూడండి, పూత లేని చోట పసుపు రంగు కనిపించాలి. జింకు మిశ్రమంతో పోత పోసినవి లోపల బూడిద రంగులో ఉంటాయి, అదే కొలతలో చేతికి తేలికగా తగులుతాయి. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు. దానివల్ల ఇనుము ఉంటే బయటపడుతుంది గానీ జింకు దొరకదు, ఎందుకంటే ఇత్తడికీ జింకుకూ రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. ఐఎస్ఐ గుర్తు పక్కన ఐఎస్ 8931 అన్న అంకె ఉంటే ఇలాంటి రాగి మిశ్రమ నల్లాల ప్రమాణం అని అర్థం. బకెట్ మీద బిగించేదానికి లాంగ్ బాడీ తీసుకోండి. పొట్టిదైతే నీళ్లు బకెట్ అంచున పడతాయి, బకెట్‌ను గోడకు నొక్కి పెట్టుకోవలసి వస్తుంది.

పెరట్లో గిన్నెలు తోముకునే చోటికి పీటీఎంటీ నల్లా చాలు. గట్టి రకం ప్లాస్టిక్, తుప్పు పట్టదు, సున్నం పొర గోరుతో గీకినా పోతుంది. రూ. 280 పెట్టి కొన్నది ఎండలో కూడా బాగానే పనిచేస్తోంది. బాత్రూంలో దాన్ని పెట్టకపోవడానికి కారణం ఒక్కటే. మామయ్య లేస్తూ నల్లా మీద చెయ్యి ఆనిస్తారు.

క్వార్టర్ టర్న్ నల్లాలకు ఒక బలహీనత ఉంది, అది దుకాణంలో ఎవరూ చెప్పరు. సెరామిక్ బిళ్లల మధ్యకు ఇసుక రేణువు వెళితే గీత పడుతుంది, ఆ తరువాత చుక్కలు ఆగవు. మన బోర్లలో ఇసుక, పాత పైపుల్లో తుప్పు పెళ్లలు ఎప్పుడూ ఉంటాయి. అందుకే కొత్త నల్లా బిగించేముందు పైపు మూతి తెరిచి నీళ్లు తేటగా వచ్చేదాకా బకెట్ల కొద్దీ వదిలేయాలి. ట్యాంకు నుంచి దిగే పైపుకు ఒక జాలీ ఫిల్టర్ పెట్టి, నెలకోసారి విప్పి కడగాలి. ఆ బిళ్లలుండే లోపలి కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందో లేదో నల్లా కొనేటప్పుడే అడగండి. నేను రెండు అదనంగా కొని పెట్టాను. దొరకదన్న నల్లా ఎంత చవకైనా వద్దనుకున్నాను.

పాత నల్లాలు విప్పడం గురించి కొంచెం విస్తరించి రాయాలి, ఎందుకంటే చాలామంది వెనకాడేది అక్కడే. గోడలోని జీఐ ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, నలభై ఏళ్ల తుప్పుతో పలచబడి ఉంటుంది. పానా వేసి ఒక్క గుంజు గుంజితే నల్లా బదులు గోడ లోపలి మర విరుగుతుంది. ముందు రోజు రాత్రి మర మీద కిరోసిన్ గానీ తుప్పు వదిలించే నూనె గానీ వేసి వదిలేయాలి. మర్నాడు సుత్తితో చుట్టూ చిన్నగా తట్టి, ఒక పానాతో గోడ వైపు భాగాన్ని కదలకుండా పట్టుకుని, రెండో పానాతో నల్లాను తిప్పాలి. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఒక పానా వాడు పట్టాడు, ఇంకొకటి నేను పట్టాను. నాలుగు నల్లాలూ విరగకుండా వచ్చాయి. వచ్చిన మూతుల్లోకి చూస్తే అర అంగుళం పైపులో పెన్సిలు దూరే సందే మిగిలింది. మిగతాదంతా తుప్పు, సున్నం.

ఆ పైపుల మీద కొత్త నల్లా పెట్టడం దండగ. అలాగని రాతి గోడను తొలిచి కొత్త పైపు దించే ఆలోచన కూడా చేయవద్దు. మట్టి, సున్నంతో కట్టిన రాతి గోడలో గాడి కొడితే రాయి కదులుతుంది, పక్కనున్న గిలాబు కూడా ఊడి వస్తుంది. పాత మూతులకు ప్లగ్గులు బిగించి, గోడ మీదుగానే సీపీవీసీ పైపు వేశాం, వేడినీళ్లకూ పనికొచ్చే ప్లాస్టిక్ పైపు అది. పైపు కనిపిస్తుందని మా బంధువులు పెదవి విరిచారు. నాకు మాత్రం కనిపించే పైపే ఇష్టం. ఎక్కడ కారినా వెంటనే తెలుస్తుంది, గోడ పగలగొట్టకుండా బాగు చేసుకోవచ్చు.

సీపీవీసీకి పూర్తి మార్కులు కాకపోయినా ఫస్ట్ క్లాసు ఇస్తాను. పైపు మీద ఐఎస్ 15778 అని ముద్ర ఉండాలి. హ్యాక్సా బ్లేడుతో వంకర లేకుండా కోసి, లోపలి పొట్టు గీకి, పైపు బయటా ఫిట్టింగు లోపలా సొల్యూషన్ పలచగా రాసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి తోసి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. సొల్యూషన్ ఆరకముందే నీళ్లు వదలకూడదు, మేము మర్నాటి దాకా ఆగాం. నల్లా బిగించే చోట మాత్రం ఇత్తడి మర పొదిగిన ఎల్బోనే వాడాలి. అంతా ప్లాస్టిక్ మర ఉన్నది ధర తక్కువ, కానీ ఇత్తడి నల్లా బిగిస్తే నెర్రె విచ్చుతుంది. మర మీద టెఫ్లాన్ టేపు తప్ప మరేదీ వద్దు. పాతకాలపు సఫేదా (మరకు పూసే తెల్ల ముద్ద), జనుము దారం జీఐకి సరే, సీపీవీసీకి నూనె ముద్దలు పడవు. టేపును నల్లా బిగిసే దిక్కుగానే, మర చివరి నుంచి పది చుట్లు లాగి చుట్టాలి. ఎదురు దిక్కుగా చుడితే బిగించేటప్పుడు మడతపడి ఊడిపోతుంది. డాబా మీద ఎండ తగిలే ముక్కకు నీళ్లలో కలిపే తెల్ల రంగు పూశాం, నూనె రంగు పూయకూడదు. ట్యాంకు కింద ఒక బాల్ వాల్వ్ కూడా పెట్టించుకోండి. పాత ఇళ్లలో అది ఉండదు, చిన్న వాషర్ మార్చాలన్నా ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి.

పెద్ద పళ్లెం లాంటి షవర్ కొనమని దుకాణంలో గట్టిగానే చెప్పారు. నేను కొనలేదు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి ఈ లెక్క నాకు రోజువారీ పని. దాదాపు 33 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు దిగితే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు డాబా మీదే ఉంది. అందులో నీటి మట్టానికీ షవర్ తలకూ మధ్య ఐదారు అడుగులు ఉంటే గొప్ప. అంటే బార్‌లో ఆరో వంతు. అంత ఒత్తిడికి ఆ పెద్ద షవర్ నుంచి జల్లు రాదు, ధారలు ధారలుగా కారుతుంది. పెట్టె మీద కనీసం ఎంత ఒత్తిడి కావాలో రాసి ఉంటుంది, అది చదివి, మీ ట్యాంకు ఎత్తు కొలిచి, అప్పుడు కొనండి. ఒకటే అంతస్తు ఉన్న పాత ఇళ్లకు పంపు పెడితే తప్ప ఇది పనికిరాదు. వేడి, చల్ల నీళ్లకు కలిపి ఒకే పిడి ఉండే మిక్సర్ కూడా మా ఇంటికి వద్దన్నాను. చెయ్యి స్థిరంగా లేని పెద్దవాళ్లు పొరపాటున వేడి వైపు నెడితే ప్రమాదం. రెండు వేరు వేరు నల్లాలు, వేడిదానికి ఎర్ర గుర్తు, అంతే. ముందు చల్లనీళ్లు పట్టుకుని తరువాత వేడినీళ్లు కలుపుకోవడం మామయ్యకు అలవాటే.

హెల్త్ ఫాసెట్, అంటే కమోడ్ పక్కన గొట్టానికి ఉండే చేతి జల్లు, ఇంట్లో మా అందరికీ నచ్చింది. మామయ్యకు మాత్రం నచ్చలేదు, ఆయన చెప్పింది నిజమే. దాని మీట బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. పట్టేసిన బొటనవేలికి అది గుండ్రటి నల్లా కన్నా కష్టం. ఆయన కోసం కమోడ్ పక్కనే మోకాలి ఎత్తులో ఇంకో పొడవు పిడి నల్లా, మగ్గు పెట్టాం. పెద్దవాళ్ల కోసం హెల్త్ ఫాసెట్ కొనేవాళ్లు ముందు మీట నొక్కించి చూడండి. వాడాక గొట్టం మొదట్లో గోడకు ఉండే చిన్న నల్లా, దాని యాంగిల్ కాక్, కట్టేయడం మరవకండి. గొట్టంలో ఎప్పుడూ నీటి ఒత్తిడి నిలిచి ఉంటే ఒక రోజు అది పగలక తప్పదు.

కమోడ్ పని నేను ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దని చెబుతాను. ఇండియన్ సీటు తీయాలంటే నేల పగలగొట్టాలి, కింది ట్రాప్ (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు పైపు) మార్చాలి, వాలు కుదరాలి. అది మేస్త్రీ పని. కానీ దుకాణానికి వెళ్లేముందు కొలత మాత్రం మీరే తీసుకోండి. గోడ టైల్స్ మీది నుంచి నేలలోని పైపు నడి మధ్యకు ఎన్ని అంగుళాలో చూడాలి. మురుగు నేలలోకి దిగే ఎస్ ట్రాప్ కమోడ్‌లలో తొమ్మిది అంగుళాలకు చేసినది వేరు, పన్నెండు అంగుళాలది వేరు. మురుగు పైపు గోడలోంచి పోతుంటే పీ ట్రాప్ కావాలి. సీటు ఎత్తు కూడా చూడాలి. మామూలు కమోడ్‌లు పదిహేను, పదహారు అంగుళాలుంటాయి. మోకాళ్లు వంగనివారికి పదిహేడు, పద్దెనిమిది ఉంటే లేవడం తేలిక. మేస్త్రీ చేత కమోడ్ కింద రెండు అంగుళాల గద్దె కట్టించాం. ఫ్లష్ రెండు మీటలది, చిన్నదానికి మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు. లోపలి వాల్వ్ మీద సున్నం చేరి నీళ్లు ఆగకుండా కారడం ఒకసారి జరిగింది. విప్పి నిమ్మరసంలో నానబెడితే సరిపోయింది.

పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ తప్పనిసరి. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు, గాలి పీల్చి అతుక్కునే రకం పాత గోడల మీద నిలవదు. 304 స్టీలుది తీసుకుని యాంకర్ బోల్టులతో బిగించాం. రాతి గోడలో డ్రిల్ వేసేటప్పుడు ముందు సుత్తితో తట్టి వినాలి. గణగణ మోగేచోట రాయి ఉంది, అక్కడే రంధ్రం వేయాలి. బొదబొద మంటే అది రాళ్ల మధ్య అతుకు, బోల్టు మట్టిలో కూర్చుని మొదటి లాగుడుకే ఊడి వస్తుంది. రంధ్రం చోటు రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా పరవాలేదు. బిగించాక నేనూ మా అబ్బాయీ ఇద్దరం ఒకేసారి వేలాడి చూశాం.

సామానంతా ప్రకాశం బజారులోని ఒక శానిటరీ దుకాణంలో కొన్నాను. అక్కడ నాకు నచ్చింది, నల్లాలను పెట్టెల్లో కాకుండా చెక్క పలక మీద వరసగా బిగించి పెట్టారు. మామయ్యను ఆటోలో తీసుకెళ్లాను. కౌంటర్‌లో కూర్చున్న పెద్దమనిషి లేచి స్టూలు వేసి, “పెద్దాయనా, తొందర లేదు, అన్నీ తిప్పి చూడండి” అన్నారు. మామయ్య పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి పిడినీ అరచేత్తో నెట్టి చూశారు. ఒకదాని దగ్గర ఆగి, “బిడ్డా, ఇది మాట వింటోంది” అన్నారు. అదే కొన్నాను. మిగిలిన ఎల్బోలు, టీలు బిల్లు చూపిస్తే వెనక్కి తీసుకున్నారు, పెద్ద పానా ఒక పూటకు అరువిచ్చారు. నచ్చనిది కూడా రాయాలి. ఒక నల్లా అడిగితే సెట్టు మొత్తం తీసుకోమని పట్టుబట్టారు, ధరలు పలక మీద రాయరు, టెఫ్లాన్ టేపు పలచటి రకమే ఉంది. టేపు గడియారం సెంటర్ దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో వేరుగా కొన్నాను.

ఇన్నాళ్ల వాడకంలో రెండు సంగతులు గమనించాను. నల్లా మూతిలోని జాలీ మన నీళ్లకు రెండు మూడు నెలలకే మూసుకుపోతుంది. చేత్తో విప్పి నిమ్మరసంలో గానీ చింతపండు పులుసులో గానీ నానబెట్టి పాత బ్రష్షుతో తోమితే చాలు. బాత్రూం యాసిడ్ సీసా మాత్రం నల్లాల దగ్గరికి రానివ్వకండి. నేల మీద పోసినా దాని ఆవిరికి క్రోమ్ పూత నల్లబడి పొక్కుతుంది. పూత పోయాక ఏ కంపెనీ నల్లా అయినా ఒకటే. పని మనిషికి ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే తెల్ల మరకలు చూడగానే ఎవరికైనా చెయ్యి ఆ సీసా మీదికే వెళుతుంది.

వాష్‌బేసిన్ నల్లా ఇంకా మార్చవలసి ఉంది. దానికి కావలసింది పిల్లర్ కాక్, కింది నుంచి నట్టు బిగించేది. బేసిన్ వెనక చెయ్యి దూరే సందు తక్కువ కాబట్టి పొడవాటి గొట్టం పానా కావాలి. దసరా సెలవుల్లో ఆ పని పెట్టుకున్నాం. పిడి మాత్రం మామయ్య ఎంచిన రకమే.